ఆరో సెక్షన్‌లో తెలుగు

దక్షిణాఫ్రికా రాజ్యాంగంలో తెలుగు పేరు ఉంది. 1996లో ఆ దేశం రాసుకున్న రాజ్యాంగంలో మొదటి అధ్యాయం తీసి ఆరో సెక్షన్ చదవండి. ముందు పదకొండు అధికార భాషల పేర్లు వస్తాయి: సెపెడి, సెసోతో, సెత్స్వానా, సిస్వాతి, త్షివెండా, షిట్సోంగా, ఆఫ్రికాన్స్, ఇంగ్లీషు, ఇసిన్‌డెబెలె, ఇసిఖోసా, ఇసిజులు. 2023లో సంజ్ఞా భాష పన్నెండోదిగా చేరింది. అదే సెక్షన్‌లో ఇంకొంచెం కిందికి వస్తే, దేశంలోని సముదాయాలు మాట్లాడుకునే మరికొన్ని భాషలను పెంపొందించి, వాటికి గౌరవం దక్కేలా చూడాలని ఒక భాషా మండలికి బాధ్యత అప్పగించారు. ఆ వరుసలో జర్మన్, గ్రీకు, గుజరాతీ, హిందీ, పోర్చుగీసు, తమిళం తర్వాత తెలుగు ఉంది, ఆ పక్కన ఉర్దూ.

నాకు ఈ సంగతి చెప్పింది మా పై పోర్షన్‌లో కిరాయికున్న అమ్మాయి. మాది శామీర్‌పేట. 1998లో పెట్టిన న్యాయ విశ్వవిద్యాలయం నల్సార్ మా ఊళ్లోనే ఉంది కాబట్టి లా చదివే పిల్లలు మాకు కొత్త కాదు. దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానం తీర్పులను మన సుప్రీంకోర్టు కూడా ఉదహరిస్తుంది, అందుకని ఆ రాజ్యాంగాన్ని వీళ్లు శ్రద్ధగా చదువుతారు. "సార్, మీ సబ్జెక్టు ఇందులో ఉంది చూడండి" అని ఆ పేజీ నా చేతికిచ్చింది. మేడ్చల్ సర్కారు బడిలో తెలుగు చెప్పి రిటైరయినవాణ్ణి నేను. పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పుకుంటూ బతికాను, కానీ మన భాష పేరు ఇంత దూరాన ఒక దేశపు మూల శాసనంలో ఉందని ఏ వాచకంలోనూ చదవలేదు. ఒక భాష మరో దేశపు రాజ్యాంగంలోకి ఊరికే ఎక్కదు. ఎవరో దాన్ని మోసుకెళ్లి ఉండాలి, మోసుకెళ్లిన చోట నిలబెట్టి ఉండాలి. ఆ మోసుకెళ్లినవాళ్లు అక్కడి భాషలతో ఎట్లా బతికారు, ఆ భాషల గురించి మనం ఏం తెలుసుకున్నాం అన్నది అప్పటినుంచీ నన్ను పట్టుకున్న ప్రశ్న.

1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ రేవుకు చేరింది. అందులో 342 మంది ఒప్పంద కూలీలు. నటాల్‌లో చెరకు వేసిన తెల్లదొరలకు పనివాళ్లు కావాలి. జులూలు సొంత భూమీ పశువులూ వదిలి ఆ తోటల్లో ఏడాది పొడుగునా చాకిరీ చేయడానికి ఒప్పుకోలేదు. అందుకని అయిదేళ్ల ఒప్పందం మీద మన దేశం నుంచి మనుషుల్ని తెచ్చుకున్నారు. 1911లో ఆపేసేదాకా అట్లా వెళ్లినవాళ్లు 1,52,184 మంది. మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవులో ఓడ ఎక్కినవాళ్లే. వాళ్లలో తమిళుల తర్వాత తెలుగువాళ్లే ఎక్కువ. గంజాం, విశాఖపట్నం, గోదావరి, నెల్లూరు, ఉత్తర ఆర్కాటు జిల్లాల వాళ్లు. మా నిజాం ఇలాకా రేవుల్లేని నేల, ఇక్కడివాళ్లకు ఆ దారి అంతగా తెలియదు. పై పోర్షన్ అమ్మాయిది మాత్రం శ్రీకాకుళం జిల్లా. వాళ్ల వైపు బర్మా వెళ్లినవాళ్ల కథలు ఇంటింటా ఉన్నాయట, నటాల్ పేరు మాత్రం ఎవరూ ఎత్తరట. బర్మా వెళ్లినవాళ్లు తిరిగొచ్చి కథలు చెప్పారు. నటాల్ వెళ్లినవాళ్లలో ఎక్కువమంది అక్కడే ఉండిపోయారు.

ఆ ఓడల చిట్టాలు ఇప్పటికీ ఉన్నాయి. మనిషి నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చలతో సహా రాసుకున్నారు. భాషకు మాత్రం గడి లేదు. ఎవరిది తెలుగు, ఎవరిది తమిళం అన్నది తర్వాతి కాలపు పరిశోధకులు ఊళ్ల పేర్లూ మనుషుల పేర్లూ చూసి ఊహించుకోవాల్సి వచ్చింది. పొలంలో చెరకు కొట్టేవాడి నోట్లో ఏ మాట ఉందో రాసుకోవాలని ఆ గుమాస్తాలకు తోచలేదు.

దిగినవాళ్లు మాత్రం భాషలు నేర్చుకోక తప్పలేదు. పక్క బరాకులో తమిళం, ఇంకో బరాకులో భోజ్‌పురి, దొర నోట ఇంగ్లీషు, తోటలోనూ బండి దారిలోనూ బజారులోనూ జులూ. ఇది ఎట్లా జరుగుతుందో నేను మేడ్చల్‌లో కళ్లారా చూశాను. మా చుట్టుపక్కల ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి కుటుంబాలు దిగుతాయి. పెద్దవాళ్లు ముందు నేర్చేది పని మాటలు: తే, పో, మొయ్యి, ఎంత, చాలు. క్రియ చివర ఏ ప్రత్యయం ఉండాలన్న పట్టింపు వాళ్లకుండదు, పని జరిగితే చాలు. పిల్లలు అట్లా కాదు. ఒక పండగ నాటికి బడిలో మా పిల్లలతో సమానంగా తగాదా పెట్టుకునేవాళ్లు, మా యాసలోనే. నటాల్‌లో కూడా పెద్దలకు పని జులూ, పిల్లలకు ఆట జులూ పట్టుబడ్డాయి.

ఆ పని జులూకు దగ్గరి చుట్టం ఫనగలో. జులూ మాటలే ఎక్కువ, వ్యాకరణం నూరి పిండి చేసినట్టుంటుంది. గనుల్లో మేస్త్రీ కూలీకి ఆజ్ఞలివ్వడానికి చాలాకాలం అదే వాడారు, అందుకే దాని మీద ఆఫ్రికన్లకు మంట. జులూలు దాన్ని ఇసికులా అని, అంటే కూలీల భాష అని, పిలిచేవాళ్లు. ఆ పేరు పట్టుకుని, నటాల్‌కు వచ్చిన భారతీయ కూలీలే జులూను విరిచి దీన్ని పుట్టించి ఉంటారని డి.టి.కోల్ అనే భాషావేత్త 1953లో ఊహించాడు. చాలామంది నమ్మారు. 1989లో రాజేంద్ మేస్త్రీ పాత ఉత్తరాలూ డైరీలూ ప్రయాణ కథలూ తిరగేసి, ట్రూరో రాకముందే తెల్లవాళ్లకూ ఆఫ్రికన్లకూ మధ్య ఆ భాష నడుస్తోందని రుజువులు చూపించారు. మేస్త్రీ దక్షిణాఫ్రికాలోనే పుట్టి పెరిగిన భారత సంతతి భాషావేత్త, అక్కడి భోజ్‌పురి మీద పనిచేసినవారు. కూలీల మీద పడిన ఒక అపవాదును కూలీల వంశం వాడే ఆధారాలతో తుడిచేశాడు. భాషాశాస్త్రం ఎందుకు పనికొస్తుందని అడిగే పిల్లలకు ఈ ఒక్క ఉదాహరణ చాలు.

కూలీలు, చిన్న వర్తకులు ఎన్ని భాషలు మాట్లాడేవాళ్లో చెప్పడానికి గాంధీ గారి సాక్ష్యం ఒకటుంది. ఆయన రాసిన దక్షిణాఫ్రికా సత్యాగ్రహ చరిత్రలో తంబి నాయుడు గురించి చెబుతారు. 1875లో మారిషస్‌లో పుట్టిన మనిషి, జొహన్నెస్‌బర్గ్‌లో గాంధీ గారి కుడిభుజం, కుటుంబంతో సహా జైలుకెళ్లినవాడు. బడి మెట్లెక్కలేదు. కానీ ఇంగ్లీషు, తమిళం, హిందుస్తానీ, కొంత తెలుగు, మారిషస్ క్రియోల్ వచ్చు, వాటితో పాటు ఆఫ్రికన్ల భాష కూడా సహజంగానే వచ్చునంటారు గాంధీ. అక్కడితో ఆగరు. ఇన్ని భాషలు రావడం అక్కడి భారతీయుల్లో వింత కాదని, అట్లాంటివాళ్లు వందల్లో ఉంటారని కూడా అంటారు. నేను ఈ పేరా దగ్గర చాలాసేపు ఆగాను. తెలుగువాళ్లలో మొట్టమొదట ఆఫ్రికా భాషలు నేర్చినవాళ్లు ఏ విశ్వవిద్యాలయం వాళ్లూ కారు. చెరకు కొట్టినవాళ్లు, కూరగాయల గంపలు మోసినవాళ్లు. వాళ్ల విద్యకు పుస్తకం లేదు, పట్టా లేదు. నటాల్ తెలుగువాళ్ల నోటి జులూలో ఎన్ని తెలుగు పలుకుబళ్లు దొర్లాయో, వాళ్ల తెలుగులోకి ఎన్ని జులూ మాటలు చేరాయో ఆనాడే ఎవరైనా రాసిపెట్టి ఉంటే ఇవాళ మన దగ్గర ఒక గొప్ప గ్రంథం ఉండేది.

అచ్చు విషయానికొస్తే 1903 ముఖ్యమైన సంవత్సరం. ఆ ఏప్రిల్‌లో జాన్ డూబే ఇలాంగా లాసె నటాల్ అనే జులూ పత్రిక మొదలుపెట్టాడు. జూన్‌లో గాంధీ గారి ఇండియన్ ఒపీనియన్ మొదలైంది. మరుసటి ఏడు ఫీనిక్స్ ఆశ్రమం వచ్చాక డూబే నడిపే ఒహ్లాంగె బడి దానికి పొరుగునే అయింది. ఇండియన్ ఒపీనియన్ తొలి రోజుల్లో ఇంగ్లీషు, గుజరాతీ, హిందీ, తమిళం, నాలుగు భాషల్లో వచ్చేది. తెలుగు లేదు. చదివేవాళ్లు తక్కువ, అక్షరాల దిమ్మలు తెప్పించుకోవాలంటే ఖర్చు. కారణాలేవైనా అచ్చులో చోటు లేని భాష ఇంటికీ భజనకూ పరిమితమైపోతుంది. 1931లో ఆంధ్ర మహాసభ ఏర్పడి తెలుగు బడులు నిలబెట్టే పనికి పూనుకునేనాటికి చాలా ఇళ్లల్లో పిల్లలు తమిళంలోకో ఇంగ్లీషులోకో జారిపోయారు. డూబే మాత్రం 1930లో ఇన్‌సిలా కషాకా రాశాడు. జులూ భాషలో అచ్చయిన తొలి నవల అదే.

ఇక్కడ ఖోసా దగ్గరికి రావాలి. జులూకు అది తోబుట్టువు లాంటి భాష, ఒకరు మాట్లాడితే మరొకరికి చాలావరకు అర్థమవుతుంది. నెల్సన్ మండేలా మాతృభాష. కానీ దాని అచ్చు చరిత్ర జులూ కంటే ముందు మొదలైంది, ఆ మొదలు దగ్గరే మన తెలుగు కథ కూడా తగులుతుంది. 1795లో పుట్టిన లండన్ మిషనరీ సొసైటీ 1799లో వాన్ డర్ కెంప్ అనే డచ్చి వైద్యుణ్ణి ఖోసాల మధ్యకు పంపింది. ఆయన అక్కడ కొంతకాలమే ఉన్నా ఖోసా మాటల పట్టిక ఒకటి తయారుచేశాడు. అదే సొసైటీ 1805లో జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే ఇద్దర్ని విశాఖపట్నం పంపింది. వాళ్లు ఆనందరాయర్ అనే పండితుడి సాయంతో సువార్తలు తెలుగు చేశారు. లండన్‌లో ఒకే బల్ల ముందు కూర్చున్నవాళ్లు గ్రేట్ ఫిష్ నదికీ విశాఖ సముద్రతీరానికీ మనుషుల్ని పంపారన్నమాట. 1816లో ఎ.డి.కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం మద్రాసులో వచ్చింది. 1823 డిసెంబరులో త్యూమె లోయలో, తర్వాత లవ్‌డేల్ అయిన చోటికి దగ్గర్లో, జాన్ బెన్నీ ఒక చిన్న అచ్చు యంత్రం మీద ఖోసా అక్షరాల కాగితాలు ఒక యాభై తీశాడు. ఖోసాలో తొలి అచ్చు అది. 1856లో కాల్డ్వెల్ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం వస్తే, ఆరేళ్లకు 1862లో విల్‌హెల్మ్ బ్లీక్ దక్షిణాఫ్రికా భాషల తులనాత్మక వ్యాకరణం మొదటి భాగం తెచ్చాడు. బంటూ భాషలన్నీ ఒక కుటుంబమని ఆ పేరుతో పిలిచినవాడు బ్లీకే. మన కుటుంబానికీ వాళ్ల కుటుంబానికీ శాస్త్రంలో బారసాల దాదాపు ఒకే కాలంలో జరిగింది.

తేడా ఒకటుంది, అది చిన్నది కాదు. మిషనరీలు వచ్చేనాటికి తెలుగుకు ఎనిమిది వందల ఏళ్ల కావ్యాలున్నాయి, తాళపత్రాలున్నాయి, పండితులున్నారు. తెలుగు నిఘంటువు చేసిన సి.పి.బ్రౌన్‌కు జూలూరి అప్పయ్య వంటివాళ్లు దొరికారు, వాళ్ల పేర్లు మనకు తెలుసు. ఖోసాల సాహిత్యం నోట ఉంది. రాజు ముందు నిలబడి అప్పటికప్పుడు ఆశువుగా పొగిడి, అవసరమైతే తప్పు పట్టే అధికారం కూడా ఉన్న కవిని వాళ్లు ఇంబోంగి అంటారు. పొయ్యి చుట్టూ కూర్చోబెట్టి కథలు చెప్పే ముసలమ్మలూ ఉన్నారు. అచ్చు మిషనరీల చేతిలో ఉండటంతో ఏది పుస్తకమవ్వాలో, ఏది కాకూడదో చాలాకాలం వాళ్లే తేల్చారు. బ్లీక్‌కు బంటూ కాని భాష నేర్పిన గురువులైతే ఖైదీలు. కేప్‌టౌన్‌లో బ్రేక్‌వాటర్ జైలు నుంచి కాబ్బో అనే సాన్ మనిషిని 1871లో ఇంటికి తెచ్చుకుని, బ్లీక్, ఆయన మరదలు లూసీ లాయిడ్ వేల పేజీల కథలు రాసుకున్నారు. కాబ్బో మాట్లాడిన ఖామ్ భాష ఇవాళ మాట్లాడేవాళ్లు లేరు. 2000లో దక్షిణాఫ్రికా తన రాజముద్ర మీద రాసుకున్న వాక్యం ఆ భాషలోనే ఉంది.

తెలుగు వ్యాకరణం చెప్పినవాడికి ఖోసా ఒక పండగ. మన భాషా వాళ్ల భాషా రెండూ అతుకుల భాషలే. మనం ధాతువుకు వెనక అతికిస్తాం, వాళ్లు ముందు అతికిస్తారు. "పిల్లవాడు చదువుతున్నాడు" అనడానికి ఉమ్‌న్త్వానా ఉయఫున్డా. "పిల్లలు చదువుతున్నారు" అయితే అబాన్త్వానా బయఫున్డా. చూడండి, పిల్ల అన్న మాట ముందు ఉపసర్గ మారగానే క్రియ ముందు కూడా మారింది. మన డు, రు ఎక్కడ కూర్చుంటాయో దానికి సరిగ్గా ఎదురు కొసన వాళ్ల ఉ, బ కూర్చున్నాయి. చిన్నయసూరి మహత్తు, అమహత్తు అని నామవాచకాలను విడదీస్తే, వాళ్లు మనుషులకు ఒక తరగతి, చెట్లకు ఒకటి, భాషలకూ ఆచారాలకూ వస్తువులకూ ఒకటి, ఇట్లా పదికి పైగా తరగతులు పెట్టుకున్నారు. విశేషణం, క్రియ అన్నీ ఆ తరగతికి తలవంచి నడుస్తాయి. ఇక క్లిక్కులు. కాడెద్దులను అదిలించేటప్పుడు నాలుక పక్కకు కొట్టి మన రైతులు చేసే చప్పుడుంది కదా, ఆ భాష పేరులో మొదటి హల్లు అదే. ఈ చప్పుళ్లు బంటూ భాషలకు పుట్టుకతో వచ్చినవి కావు. ఖోయి, సాన్ జనంతో శతాబ్దాల పాటు కలిసి బతికి, పెళ్లిళ్లు చేసుకుని, వాళ్ల నుంచి తెచ్చుకున్నవి. రోమన్ లిపిలో తమకు పనిలేని సి, క్యూ, ఎక్స్ అక్షరాలను వాటికి కేటాయించారు. తెలుగు లిపిలో నేను "ఖోసా" అని రాస్తున్నాను గానీ ఆ హల్లుకు మన దగ్గర అక్షరం లేదు.

పై పోర్షన్ అమ్మాయికి నేను బదులు ఏమైనా ఇవ్వగలిగానంటే అది ఎస్.ఇ.కె.మ్‌ఖాయి పేరు. 1875లో పుట్టి 1945లో పోయిన ఈయన్ని ఖోసాలు జాతి కవి అంటారు. ఆయన ఒళ్లంతా చిరుతపులి తోలు కప్పుకుని హీల్డ్‌టౌన్ బడికి వచ్చిన రోజు తన జీవితంలో ఎట్లాంటిదో మండేలా ఆత్మకథలో రాసుకున్నాడు. 1914లో వచ్చిన మ్‌ఖాయి పుస్తకం ఇత్యాలా లమావేలె, అంటే కవలల వ్యాజ్యం. హింట్సా రాజు కొలువులో దావా. తండ్రి పోయాడు, ఇద్దరు కవలల్లో పెద్దవాడెవరో తేలాలి. కాన్పులో ఒకడి చెయ్యి ముందు బయటికొచ్చింది. మంత్రసాని ఆచారం ప్రకారం ఆ చిటికెన వేలి కొస కోసింది. చెయ్యి లోపలికి పోయింది, రెండోవాడు ముందు పుట్టాడు. ఇప్పుడు పెద్ద ఎవరు? రాజు తొందరపడడు. మంత్రసానుల్ని పిలుస్తారు, చుట్టాల్ని పిలుస్తారు, ఎక్కడో దూరాన ఉన్న ఒక పండు ముసలివాణ్ణి పిలిపిస్తారు. పాత ఆనవాళ్లు, పాత తీర్పులు అన్నీ తూకం వేస్తారు. జనమంతా కూర్చుని వింటారు.

తెల్లవాళ్లు రాకముందు ఆఫ్రికాకు చట్టమే లేదన్న మాటకు ఇది జవాబు. మ్‌ఖాయి వాదించలేదు, ఒక కోర్టును కళ్లముందు పెట్టాడు. ఈ కథ చెప్పినప్పుడు ఆ అమ్మాయి నన్ను అడిగిన ప్రశ్నలు సాహిత్యం విద్యార్థి అడిగేవి కావు. సాక్షి విశ్వసనీయత ఎట్లా తేల్చారు, ఆచారానికి ఆధారం ఎవరు చెప్పారు, తీర్పుకు కారణాలు ఇచ్చారా అని. అడగాల్సిన ప్రశ్నలే. న్యాయశాస్త్రం చదివేవాళ్లకు ఈ నవల పాఠ్యంగా పెట్టాలని నా అభిప్రాయం. బడి పిల్లల కోసం లవ్‌డేల్ ప్రచురణ ఈ పుస్తకాన్ని బాగా కత్తిరించిందన్నది నాకు నొప్పి కలిగించిన విషయం. ఎన్నో తరాలు ఆ కుదింపునే అసలు పుస్తకమనుకుని చదివాయి.

తెలుగువాళ్లం ఆఫ్రికా సాహిత్యం చదవలేదని కాదు. బాగానే చదివాం. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తెచ్చిన చినువా అచెబె "చెదిరిన సమాజం" మా స్టాఫ్ రూంలో చేతులు మారింది. ఆఫ్రికా మూలాలు వెతికిన అమెరికా నవలకు సహవాసి అనువాదం "ఏడు తరాలు" చదివి కన్నీళ్లు పెట్టుకోని ఉపాధ్యాయుడు ఆ రోజుల్లో అరుదు. ఇక గూగీ వా థియాంగో. 1977 డిసెంబరు 31న కెన్యా ప్రభుత్వం ఆయన్ని పట్టుకుని కమితి జైల్లో పెట్టింది. తన గికుయు భాషలో ఊరి జనంతో నాటకం ఆడించినందుకు. ఇక ఇంగ్లీషులో నవల రాయనని అక్కడే నిశ్చయించుకుని, జైల్లో ఇచ్చే టాయిలెట్ కాగితం మీద గికుయులో నవల రాశాడు. దాన్ని ఆయనే తర్వాత ఇంగ్లీషు చేసుకున్నాడు. ఆ ఇంగ్లీషు నుంచి వరవరరావు మన జైల్లో ఉండగా "మట్టికాళ్ల మహారాక్షసి"గా తెలుగు చేశారు. గూగీ జైలు డైరీని కూడా తెలుగులోకి తెచ్చారు. "డ్రీమ్స్ ఇన్ ఎ టైమ్ ఆఫ్ వార్" అనే చిన్ననాటి జ్ఞాపకాలను జి.ఎన్.సాయిబాబా అనువదించారు. జైలు నుంచి జైలుకు నడిచిన ఈ పుస్తకాల దారి ప్రపంచ సాహిత్యంలో చాలా అరుదైనది, మన తెలుగుకు గర్వంగా చెప్పుకోదగ్గది. గూగీ 2025 మే 28న చనిపోయారు.

అయితే ఒక మాట చెప్పక తప్పదు. తన భాషలోనే రాస్తానని శపథం పట్టిన రచయితను మనం ఆయన వదిలేసిన భాష గుండానే చదువుకున్నాం. అనువాదకుల తప్పు కాదు, వాళ్ల ముందున్న దారి అదొక్కటే. గికుయు, ఖోసా, జులూ, యొరుబా, వీటిలో ఒక్కటైనా చదివి నేరుగా తెలుగు చేయగలిగిన మనిషిని తయారుచేసుకోవడం మన విద్యాసంస్థలు పెట్టుకోవాల్సిన పని. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో 1955లోనే ఆఫ్రికా అధ్యయన విభాగం పెట్టి స్వాహిలి చెప్పడం మొదలుపెట్టారు. ఉస్మానియాలో భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1962 నుంచి భాషాశాస్త్ర శాఖను దేశంలో ముందు వరుసకు తెచ్చారు. కువి, కొండ, గోండి వంటి భాషల్ని అడవుల్లోకి వెళ్లి రాసుకునే సంప్రదాయం ఇక్కడ బలంగా ఉంది. అంతకుముందే గిడుగు రామమూర్తి గారున్నారు. పర్లాకిమిడిలో ఉద్యోగం చేస్తూ సవర పల్లెలకు తిరిగి, అక్కడ పట్టుకున్న చలిజ్వరానికి మింగిన క్వినైన్‌తో చెవులు పోగొట్టుకుని, 1931లో సవర వ్యాకరణం అచ్చు వేయించిన మనిషి. లిపి లేని భాషను దాని మనుషుల నోటి నుంచి నేర్చుకోవడం ఎట్లాగో మనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఆ కన్ను సముద్రం దాటి చూడాలి, అంతే.

హైదరాబాదుకు ఆఫ్రికా ఎప్పుడూ దూరం కాదు. నిజాం ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ పేరు మీదే ఏసీ గార్డ్స్ బస్తీ ఉంది. ఆ సిద్దీల మనుమలు ఉర్దూ మాట్లాడతారు, పెళ్లి ఊరేగింపుల్లో మర్ఫా వాయిస్తారు. తాతల భాషలు వాళ్ల ఇళ్లల్లో నిలవలేదు. ఇప్పుడు మా మేడ్చల్, మైసమ్మగూడ వైపు ఇంజనీరింగ్ కాలేజీలకు ఆఫ్రికా పిల్లలు వస్తున్నారు. కొంపల్లిలో జెరాక్స్ షాపు దగ్గర టాంజానియా కుర్రవాడొకడితో మాట కలిపాను. స్వాహిలిలో "పిల్లవాడు చదువుతున్నాడు" ఎట్లా అంటారని అడిగితే, మ్తోతో అనసోమా అన్నాడు. పిల్లలు అయితే? వతోతో వనసోమా. ముందు మారిన అక్షరం విని నాకు కలిగిన సంతోషం ఆ అబ్బాయికి అర్థం కాలేదు. తన నోట్లో ఉన్నది ఒక శాస్త్రమని అతనికి ఎవరూ చెప్పలేదు. అతను ఇక్కడ నాలుగేళ్లు ఉంటాడు. తెలుగు ఎంఏ చదివే మన పిల్లలు ఇక్కడే ఉన్నారు. తెలుగు విశ్వవిద్యాలయం బాచుపల్లికి వచ్చాక అదీ ఈ జిల్లాలోనే ఉంది. వీళ్లను ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టడానికి పెద్ద నిధులేమీ అక్కర్లేదు.

డర్బన్‌లో ఏం జరిగిందో కూడా చెప్పాలి. వర్ణవివక్ష ప్రభుత్వం 1961లో భారతీయులకంటూ విడిగా ఒక కాలేజీ పెట్టింది, అదే తర్వాత డర్బన్-వెస్ట్‌విల్ విశ్వవిద్యాలయమైంది. వివక్ష కోసం కట్టిన ఆ గోడల మధ్యే తెలుగు మీద పరిశోధనలు జరిగాయి. 1992లో వరిజ ప్రభాకరన్ దక్షిణాఫ్రికా ప్రవాసాంధ్రుల జీవితం మీద తెలుగు భాష ప్రభావాన్ని గురించి అక్కడే పరిశోధన గ్రంథం రాశారు. వర్ణవివక్ష పోయాక ఆ విశ్వవిద్యాలయం 2004లో నటాల్ విశ్వవిద్యాలయంతో కలిసి క్వాజులు-నటాల్ విశ్వవిద్యాలయమైంది. భారతీయ భాషల శాఖలు ఆ మార్పుల్లో నిలవలేదు. 2014లో ప్రభుత్వ బడుల్లో తెలుగుతో సహా అయిదు భారతీయ భాషల్ని ఐచ్ఛికంగా చదువుకోవచ్చని మళ్లీ దారి తెరిచారు. అదే 2014లో క్వాజులు-నటాల్ విశ్వవిద్యాలయం ఇంకో నిర్ణయం అమలు చేసింది: జులూ రాని కొత్త డిగ్రీ విద్యార్థులందరూ జులూ కోర్సు ఒకటి చదివి తీరాలి. నాయుడులూ రెడ్లూ అన్న ఇంటిపేర్లతో ఆ తరగతిలో కూర్చునే పిల్లలకు నామవాచకాల తరగతులు నల్లబల్ల మీద రాసి చెబుతారు, పరీక్ష పెడతారు, మార్కులు వేస్తారు. పై పోర్షన్ అమ్మాయి ఆ విశ్వవిద్యాలయం పాఠ్యప్రణాళిక నాకు దింపి ఇచ్చింది. మొదటి పాఠం పలకరింపులు, రెండోది మనుషుల తరగతి. నేను రెండో పాఠంలో ఉన్నాను.